సెంటు పచ్చిక మీద ఒక అర్జీ

అర్జీలు రాయడం నాకు కొత్త కాదు. వీధి దీపం గురించి రాశాను, మురుగు కాలువ పూడిక గురించి రాశాను, అర్ధరాత్రి దాటినా ఆగని డీజే గురించి రాశాను. వాటన్నిటికీ ఏదో ఒక శాఖ ఉంది, ఆ శాఖకో అధికారి ఉన్నారు, ఆ అధికారికో సీలు ఉంది. ఈసారి వచ్చిన చిక్కు వేరు. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళితే, కాగితం అందుకునేవాళ్లు మొదట అడిగేది ‘ఏ శాఖండీ?’ అని. నాది వ్యవసాయ శాఖ కాదు, పండేదేమీ లేదు. ఉద్యాన శాఖ కాదు, పూసేదీ కాసేదీ లేదు. పశుసంవర్ధక శాఖా కాదు, మేసేవాళ్లు లేరు. అందుకని శాఖ అన్నచోట ఖాళీ వదిలి నేరుగా విషయానికొస్తున్నాను.

విషయం: ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో ఎనిమిది సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్న ఒక రిటైర్డు గృహస్థుడికి, ఇంటి ముందున్న సెంటు పచ్చికను కత్తిరించడానికీ, దాని అంచు తీర్చడానికీ తగిన మిషను దొరక్కపోవుట గురించి.

మిషన్లు లేక కాదు. ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. కాకపోతే సగం మామిడి తోటల కోసం చేసినవి, మిగతా సగం అమెరికా పెరళ్ల కోసం చేసినవి. సెంటు అంటే 48.4 గజాలు. ఆ నలభై ఎనిమిది గజాలవాడి కొలత ఇంతవరకూ ఏ కంపెనీ తీసుకోలేదన్నదే నా ఫిర్యాదు.

పూర్వాపరాలు మనవి చేసుకుంటాను. మా నాన్నగారి కాలంలో ఇంటి ముందు గడ్డి మొలిచిందంటే ఆ ఇల్లు పాడుబడిందని లెక్క. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టాక ఎక్కడైనా ఒక్క పరక కనిపిస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. ఇప్పుడు అదే గడ్డిని కడియం నర్సరీల్లో చాపలుగా చుట్టి అమ్ముతుంటే, అడుగుకింతని లెక్కగట్టి కొని, బండి కిరాయి ఇచ్చి మరీ తెప్పించుకుంటున్నాం. ఈ పుణ్యం మా అబ్బాయిది. వాడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు. అక్కడ కాలనీ సంఘం ఒకటి ఉంటుందట. గడ్డి పెరిగితే ముందు ఉత్తరం వస్తుందట, తర్వాత జరిమానా పడుతుందట. ‘జరిమానా వేసే సంఘం లేని ఊళ్లో మనకీ సంత దేనికిరా?’ అంటే, ‘ఇంటికి లుక్కు నాన్నా’ అన్నాడు. లుక్కు వాడిది, కోత నాది.

నర్సరీవాళ్లు దానికి ఏ పేరు పెట్టి అమ్మినా మాకు అంటగట్టింది గరిక జాతే. మా అబ్బాయి ఊళ్లో బెర్ముడా గడ్డి అని ముద్దుగా పెంచుకునేదీ ఇదే. 1977లో లెరాయ్ హోమ్ అనే శాస్త్రవేత్త, మరి కొందరితో కలిసి, ప్రపంచంలో రైతును అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించే కలుపు మొక్కల మీద లావుపాటి పుస్తకం వేశాడు. అందులో మొదటి స్థానం తుంగది, రెండో స్థానం గరికది. రెండో స్థానం దాన్ని మేం డబ్బిచ్చి తెచ్చుకున్నాం. మొదటి స్థానం దాని గడ్డలు చాపల అడుగున మట్టిలో ఉచితంగా వచ్చాయి.

ఇక మిషన్ల సంగతి. మాది మామిడి సీమ. నూజివీడు, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు, ఎటు చూసినా బంగినపల్లి, చిన్న రసం, కలెక్టరు కాయ. తోటల్లో కలుపు తీయడానికి మనుషులు దొరకడం కష్టమయ్యాక బ్రష్ కట్టర్లు దిగాయి. కొట్టుకు వెళ్లగానే అక్కడి కుర్రాడు వేసిన మొదటి ప్రశ్న: ‘ఎన్నెకరాలు సార్?’

‘సెంటు.’

అతను నా మొహంలోకి చూశాడు, గోడకు వేలాడుతున్న మిషన్లకేసి చూశాడు, మళ్లీ నా మొహంలోకి చూశాడు. ‘పర్లేదు సార్, ఇదే తీసుకోండి, రేపు తోట కొన్నా పనికొస్తుంది’ అన్నాడు. మిషను అమ్మడానికి తోట కొనిపించే వ్యాపార దక్షత మా ఊళ్లోనే చూశాను.

అతను చూపించింది 52 సీసీ ఇంజను. మా స్కూటీ ఇంజనులో సగం. భుజాన తగిలించుకునేది ఒకటి, వీపున మోసేది ఒకటి. రెండు స్ట్రోకులది ఒకటి, నాలుగు స్ట్రోకులది ఒకటి. బ్లేడ్లలో తుప్పలు కొట్టడానికి మూడు పళ్లది, వరి కోయడానికి 80 పళ్లది. 80 అంటే నా నోట్లో మిగిలినవాటికి మూడింతల పైమాటే. పచ్చికకు మాత్రం ఈ పళ్లేవీ పనికిరావు, నైలాన్ తీగ తిరిగే తల బిగించాలి. అంటే ఎనిమిది కిలోల ఇంజను మోసి తిప్పాల్సింది రెండు జానెడు ప్లాస్టిక్ తీగల్ని.

మా బావమరిదికి తోట ఉంది, ఈ మిషనూ ఉంది. ‘బావా, కొనేముందు ఓసారి చూడు’ అని తెచ్చాడు. తాడు లాగాడు, చోక్ తీశాడు, మళ్లీ లాగాడు, మిషను కేక పెట్టింది. అది వేడెక్కి దారిలో పడేలోపే పచ్చిక అయిపోయింది. పచ్చికతో పాటు మా ఆవిడ కనకాంబరాలూ అయిపోయాయి. ‘తోటలో అయితే దీని పవరు తెలిసేది బావా’ అన్నాడు. ఇక్కడా తెలిసింది, మా ఆవిడ వారం రోజులు తెలియజేసింది.

మిషనుతో పాటు ఇచ్చే పుస్తకం చదివినవాణ్ని మా ఊళ్లో నేనొక్కణ్నే అనుకుంటాను. అది నడుస్తున్నప్పుడు చుట్టూ 15 మీటర్ల లోపు మనిషిగానీ పశువుగానీ ఉండకూడదట, రాళ్లు ఎగిరి పడతాయట. పదిహేను మీటర్లంటే దగ్గర దగ్గర యాభై అడుగులు. నా స్థలమే అడ్డంగా యాభై అడుగులు. కాబట్టి నేను పచ్చిక కోసుకునేటప్పుడు మా ఆవిడ, పక్కింటి బాబాయిగారు, ఎదురింటివాళ్ల గేదె, రోడ్డు మీద ఇస్త్రీ బండి అందరూ వీధి ఖాళీ చేయాలి. ఇది గడ్డి కోతా, కొండపల్లి దగ్గర క్వారీ పేలుడా?

పెట్రోలు కథ విడిగా చెప్పాలి. రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోల్లో ఆయిలు కలపాలి. ఒక కంపెనీ పాతిక వంతులకు ఒక వంతు అంటుంది, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఇంకో కంపెనీ యాభైకి ఒకటి అంటుంది, అంటే 20. ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. సరే, కాఫీ డికాక్షన్ పాళ్లు కుదరని ఇంట్లో ఈ పాళ్లు కుదిరాయే అనుకుందాం, పెట్రోలు ఎక్కడిది? బంకులో ‘సీసాల్లో, డబ్బాల్లో పెట్రోలు పోయబడదు’ అన్న బోర్డు ఉంటుంది. మిషన్నే బంకుకు మోసుకెళ్తే, క్యూలో ఉన్నవాళ్లు నన్ను కూలికి పిలిచే ప్రమాదం ఉంది. చివరికి స్కూటీలోంచి పైపు పెట్టి తీసుకోవడమే మార్గం. నోట్లోకి వచ్చిన పెట్రోలు రుచి ఏమిటో తెలిసింది.

ఆ పెట్రోల్లోనూ ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్. ఇలాంటి చిన్న ఇంజన్ల పుస్తకాల్లో చాలావాటిలో పది శాతం మించొద్దని రాసి ఉంటుంది. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కోత అయ్యాక ట్యాంకులో మిగిల్చి పెడితే, ఆ పెట్రోలు పాతబడి కార్బురేటరు సన్న రంధ్రాల్లో జిగురు కడుతుంది. నీళ్లు చాలని ఎండాకాలంలో గడ్డి పెరగదు కాబట్టి మిషన్ని మూల పెడతాం. తొలకరికి గడ్డి లేస్తుంది, మిషను లేవదు. దాన్ని లేపేవాడి దగ్గరికి వెళితే, ఆయన ముందు తోటల మిషన్లు వరసగా పడుకుని ఉంటాయి. నా వంతు వచ్చేసరికి గడ్డి వెన్ను వేస్తుంది.

రైతులకైతే యాంత్రీకరణ పథకాల్లో సబ్సిడీలుంటాయి. నాకూ ఇమ్మని అడిగితే వచ్చే మొదటి ప్రశ్న ‘ఏం పంట? ఈ-క్రాప్‌లో నమోదు చేయించారా?’ అని. పంట: పచ్చిక. దిగుబడి: ఎండాకాలం పోను ఏడాది పొడుగునా. మద్దతు ధర: లేదు. కొనేవాడు: లేడు. నీళ్లు పోసి, ఎరువు వేసి, బాగా పెరిగిందని సంతోషించే లోపే కోసి చెత్తబండిలో వేసే పంట భూమ్మీద ఇదొక్కటే.

పెట్రోలు వద్దని బ్యాటరీ మిషన్లకేసి తిరిగాను. అవి ఫోన్లో దొరుకుతాయి. ఒకటి 18 వోల్టులు, ఒకటి 20, ఒకటి 21. ఇరవై ఒకటే గట్టిదని మా మేనల్లుడు తేల్చాడు. వాడు ఇంజనీరింగు చదివాడు కాబట్టి నమ్మి ఉండాల్సింది, కానీ నేను లెక్క వేశాను. మూడింటిలోనూ ఉండేవి అవే అయిదు లిథియం సెల్లులు. సెల్లు మామూలుగా 3.6 వోల్టులని గుణిస్తే 18, నాలుగని గుణిస్తే 20, పూర్తిగా చార్జి చేసిన క్షణంలో 4.2 ఉంటుంది కాబట్టి దాంతో గుణిస్తే 21. సరుకు ఒకటే, గుణించేవాడి ధైర్యమే వేరు. ఎంతసేపు నడుస్తుందో తెలియాలంటే చూడాల్సింది ఆంపియర్-అవర్ అన్న అంకె. అది పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, వోల్టు మాత్రం వినాయకుడంత.

తక్కువ ధర చూసి సంబరపడితే, అది ‘బ్యాటరీ, చార్జరు లేకుండా’ ధర. బ్యాటరీ విడిగా కొనాలి, అదీ ఆ కంపెనీదే కొనాలి. పెళ్లికి సగోత్రం పనికిరాదు, బ్యాటరీకి సగోత్రం తప్ప పనికిరాదు. మా ఇంట్లో డ్రిల్లు ఒక గోత్రం, పురుగుమందు కొట్టే పంపు ఒక గోత్రం. మూడో గోత్రం ఇంట్లోకి రావాలంటే ఇంకో చార్జరు, ఇంకో ప్లగ్గు పాయింటు. మే నెల్లో 45 డిగ్రీల ఎండలో వరండాలో పెట్టిన బ్యాటరీ చార్జి ఎక్కనని ఎర్ర లైటు వెలిగిస్తుంది. దాన్ని ఏసీ గదిలో పడుకోబెట్టాలి. నేను మాత్రం వరండాలోనే.

వైరున్న కరెంటు మిషను చవక, తేలిక, ఆయిలూ వద్దు, గోత్రమూ వద్దు. నిజం చెప్పాలంటే నాలాంటివాడికి అన్నిట్లోకీ దగ్గరి సంబంధం అదే. కానీ ముప్ఫై మీటర్ల వైరు, గరిక చుట్టూ, కుండీల చుట్టూ, నా కాళ్ల చుట్టూ తిరుగుతుంది. తడి గడ్డి మీద అతుకుల వైరు ఈడ్చడమంటే ప్రాణంతో చెలగాటం, మీటరు దగ్గర లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకరు ఉండి తీరాలి. గడ్డి ఆరాలంటే తొమ్మిది కావాలి. తొమ్మిదింటికి కరెంటు పోతుంది.

ఈ నైలాన్ తీగ మిషన్లన్నిటికీ మూలపురుషుడు కూడా టెక్సస్ వాడే, హ్యూస్టన్‌లో డ్యాన్సు స్కూలు నడిపిన జార్జ్ బల్లాస్. 1971లో ఆయన తన పెరట్లో చెట్ల మొదళ్ల దగ్గర గడ్డి ఎలా తీయాలా అని సతమతమవుతూ, కార్లు కడిగేచోట గిర్రున తిరిగే నైలాన్ బ్రష్షులు చూశాడు. కారుకు గీత పడలేదు, మురికి మాత్రం వదిలింది. ఇంటికొచ్చి ఖాళీ పాప్‌కార్న్ డబ్బాకు చిల్లులు పొడిచి, చేపల గాలానికి కట్టే తీగ దూర్చి, తన దగ్గరున్న తిరిగే యంత్రానికి బిగించాడు. ‘వీడ్ ఈటర్’ పేరుతో అమ్మాడు, బాగా గడించి 1977లో కంపెనీని ఎమర్సన్ ఎలక్ట్రిక్‌కు అమ్మేశాడు. గరికకు రెండో స్థానం ప్రకటించిన సంవత్సరమే ఆయన సొమ్ము చేసుకుని తప్పుకోవడం గమనార్హం.

ఇక్కడ అర్జీదారు ప్రత్యేకంగా మనవి చేసేదేమంటే, ఆయన ఆ డబ్బా బిగించిన యంత్రం ఎడ్జర్. పచ్చిక అంచును నిలువుగా కోసే యంత్రం. అంటే తల్లి ఎడ్జరు, పిల్ల ఈ తీగ మిషను, అంటే ట్రిమ్మరు. పిల్ల తిరువూరు దాకా వచ్చింది. తల్లి జాడ లేదు. అంచు కోసే మిషను కావాలని కొట్టు కుర్రాణ్ని అడిగితే, లోపలికి వెళ్లి టైల్సు కోసే గ్రైండరు తెచ్చి చూపించాడు.

అంచు ఎందుకంత ముఖ్యమంటే, గరిక ఎత్తు పెరిగితే వచ్చే నష్టం చూపుకే. పక్కకు పెరిగితే ఆస్తికే. నేలబారున తీగ వదులుతుంది. ఆ తీగ పార్కింగు టైల్సు మీదికి పాకి, రెండు టైళ్ల మధ్య సందు దొరకగానే కణుపు దగ్గర వేళ్లు దించుతుంది. పీకితే కణుపు దగ్గర తెగుతుంది, లోపల మిగిలిన కణుపు మళ్లీ మొలుస్తుంది. ట్రిమ్మరు పైన ఆకు కొడుతుంది, ఈ తీగను ముట్టుకోదు. అంచున రెండంగుళాల లోతున నిలువుగా ఒక గాటు పడితే తప్ప అది ఆగదు. ఫోన్లో దొరికే మిషన్లు కొన్నిటికి తల తొంభై డిగ్రీలు తిరుగుతుంది, ‘టూ ఇన్ వన్’ అంటారు. అద్దె ఎంతైనా సరే ఒక పూట వాడి చూద్దామని బెజవాడలో తెలిసినవాళ్ల దగ్గర ఒకటి తెచ్చాను. తల తిప్పి అంచున పెట్టగానే, తడిమట్టీ గడ్డిముక్కలూ కలిసి వెళ్లి, అంతకు ముందురోజే సున్నం కొట్టి ఎర్రమట్టి పట్టీలు దిద్దిన తులసికోటకు తగిలాయి. ‘కోటకు పిడకలు కొట్టే మిషను కూడా వచ్చిందా అండీ?’ అంది మా ఆవిడ.

నైలాన్ తీగ సంగతీ చెప్పాలి. తల నేలకు తట్టగానే తీగ దానంతటదే కొంచెం బయటికి రావాలి. మాది ఎప్పుడూ రాలేదు, లేదా ఒకేసారి మూరెడు వచ్చింది. అయిపోతే చుట్టుకోవాలి. తీగను మధ్యకు మడిచి, మడతను గాడిలో పెట్టి, ఒక సగం పై గదిలో, ఒక సగం కింది గదిలో, బాణం గుర్తు చూపిన వైపే, పెనవేసుకోకుండా బిగువుగా చుట్టి, కొసలు రెండూ కన్నాల్లోంచి లాగి, స్ప్రింగు పెట్టి మూత నొక్కాలి. మూత నొక్కేటప్పుడు స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడుతుంది. గడ్డి కోయనిదే స్ప్రింగు దొరకదు, స్ప్రింగు దొరకనిదే గడ్డి కోయలేం. పైగా మా ఎండలకు నైలాన్ ఎండి పుటుక్కున విరుగుతుంది. వాడేముందు రాత్రంతా నీళ్లలో నానబెడితే మెత్తబడుతుంది, అది నిజమే. అప్పటినుంచీ మా వంటింట్లో మెంతుల గిన్నె పక్కన తీగ గిన్నె. ఒకటి నా షుగరుకు, ఒకటి నా ఖర్మకు.

ఆ తీగ చెట్టు మొదలుకు తగిలితే ఏమవుతుందో కూడా రికార్డులో ఉండాలి. ఆకులు చేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. లేత మామిడి అంటు చుట్టూ ఆ పొర చిట్లిందంటే, చెట్టు వెంటనే చెప్పదు, కొన్ని నెలల తర్వాత నిలువునా ఎండుతుంది. తోటల్లో పనివాళ్లు మొదలు చుట్టూ చేత్తోనే తీస్తారు. పెరట్లో కూడా మొదలు చుట్టూ రెండడుగుల పాదు తీసి, ఎండాకు పరిస్తే చాలు, మిషను అటు పోయే పనే ఉండదు. ఈ సలహా ఉచితం. మిషను పెట్టెలో దొరకదు.

మిషన్ల మీద విసిగి మా వీధికి వచ్చే పనిమనిషిని అడిగాను, దోకుడుపారతో చెక్కుతుంది. ఆవిడ రెండు రేట్లు చెప్పింది. మొత్తం చెక్కేస్తే ఒక రేటు. అంచు మాత్రమే చెక్కితే దానికంటే ఎక్కువ. ‘అదేంటమ్మా, పని తక్కువ కదా?’ అంటే, ‘మొత్తమైతే కళ్లు మూసుకుని చెక్కుతాను సారూ, అంచైతే గడ్డి చూసుకుంటూ చెక్కాలి’ అంది. ఇంజనీర్లకు తట్టని సాంకేతిక భేదాన్ని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చింది. రేటు మాత్రం తగ్గించలేదు.

మిగిలింది వినాయక చవితి. ఇరవై ఒక్క పత్రిలో గరిక ఉండాలి. ఊళ్లో సెంటు గరిక ఉన్న ఇల్లు మాది కాబట్టి వీధి మొత్తం పళ్లేలు పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే మిషనుతో కోయించాను. నైలాన్ తీగ గడ్డిని కోయదు, కొడుతుంది. కొసలు చీలి, తెల్లబడి, పూజకు పనికిరాకుండా ఉన్నాయి. అందరూ నన్ను ఏదో పాపం చేసినవాణ్ని చూసినట్టు చూసి వెళ్లారు. సెంటు గరిక యజమానినైన నేను బోసుబొమ్మ సెంటరుకు వెళ్లి, గరిక కట్ట బేరమాడి కొనుక్కొచ్చుకున్నాను.

కావున అధికారులను ప్రార్థించేదేమనగా:

ఒకటి. మిషన్ల పెట్టెల మీద సీసీలు, వోల్టులు మానేసి, ఇది ఎన్ని సెంట్లకు పనికొస్తుందో పెద్దక్షరాల్లో వేయించాలి.

రెండు. అయిదు సెల్లులను ఎవరు ఏ అంకెతో గుణించాలో కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ద్వారా తేల్చాలి.

మూడు. మా కమ్మరిని ఏదో ఒక కంపెనీకి సలహాదారుగా వేయాలి. దోకుడుపార వంపు సాఫు చేసి, కొస అర్ధచంద్రంలా సానబెట్టి, పొడుగు కర్ర తొడిగి ఇస్తే, నిలబడి కాలితో నొక్కి అంచు కోసుకోవచ్చని ఆయనే చెప్పాడు. ఇన్నాళ్లకు నన్ను కొలతడిగినవాడు ఆయనొక్కడే, ‘మీ నడుం ఎత్తెంత సార్?’ అన్నాడు. కాకపోతే కర్ర నన్నే తెచ్చుకోమన్నాడు, అదీ మామిడి కోతల సీజను అయ్యాకే చేస్తానన్నాడు. ఇక్కడా తోటలవాళ్లదే ముందు వరస.

నాలుగు. పై కోర్కెలు తీరేలోపు, ఈ సెంటు భూమిని రికార్డుల్లో బీడుగా రాయించాలి. బీడుకు మిషను అక్కర్లేదు, గొర్రెలు చాలు. గొర్రెల ఆయనతో మాట కూడా అయింది. వచ్చి చూసి, కాలితో గడ్డి నిమిరి, మేపడానికి ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడు: ఇంత పొట్టి గడ్డికి మంద తోలలేడట, జానెడు ఎత్తు పెంచి పెట్టమన్నాడు.